సాంచాలు ఆగిన అర్ధగంట

నాకు నీళ్ళ పిచ్చి ఉందని మా ఇంట్లో అందరూ అంటారు. పెళ్ళి భోజనాల దగ్గర ఎవరైనా నీళ్ళ సీసా రెండు గుక్కలు తాగి పక్కన పడేస్తే, మా ఆయన ముందు నా మోచేయి పట్టుకుంటాడు. వాళ్ళను ఏదో ఒకటి అనేస్తానని ఆయన భయం. ఆ భయం ఉత్తది కాదు, రెండుసార్లు అన్నాను కూడా. నేను పుట్టింది జగిత్యాలలో, మెట్టింది కోరుట్లలో, ఉద్యోగం సిరిసిల్ల వైపు, సాంచాలు ఆడే ఒక మున్సిపాలిటీలో. సాంచా అంటే మరమగ్గం. ఆ ఊరి పేరు మాత్రం చెప్పను. ఊరి పేరు చెబితే వాడ పేరు చెప్పాలి, వాడ పేరు చెబితే అక్కడ నేను చేసిన తప్పు వాళ్ళకు మళ్ళీ గుర్తు చేసినట్టవుతుంది. వాళ్ళు మరిచిపోయారు. మరవలేనిది నేనే.

నీళ్ళ సెక్షన్‌లో అసిస్టెంట్ ఇంజనీరును. పేరు పెద్దదే గానీ పనంతా రెండు ముక్కల్లో చెప్పొచ్చు. నీళ్ళు రాకపోతే నన్ను తిడతారు, వస్తే దేవుడికి దండం పెడతారు.

రెండేళ్ళ కిందటి ఎండాకాలం మాకు పైనుంచి వచ్చే నీళ్ళు సగానికి పడిపోయాయి. రోజు విడిచి రోజు ఇస్తున్నా ఊరికి చాలడం లేదు. అందులోనూ ఒక లైను నా ప్రాణం తీసేది. ట్యాంకు నుంచి బయల్దేరిన పైపు ముందు పల్లంలో ఉన్న సాంచాల వాడ గుండా పోతుంది. అది దాటాక ఎత్తు ఎక్కి గడ్డ మీది ఇళ్ళకు చేరుతుంది. చేరుతుంది అంటే కాగితం మీద చేరుతుంది. రెండు నెలలుగా గడ్డ మీద నల్లాల్లో చుక్క రాలలేదు. ట్యాంకరు వస్తేనే వాళ్ళకు నీళ్ళు.

కమిషనర్ సారు నన్ను పిలిచి సూటిగా చెప్పారు. "కొత్త లైను ఈ ఎండాకాలంల కాదమ్మా. ఉన్న నీళ్ళనే ఊరంతటికి ఎట్ల సర్దుతవో రాసుకొని రా."

రాయడం నాకు ఇష్టం. పొడుగు కాగితాలు తీసి లైన్లు, ఎత్తుపల్లాలు, ట్యాంకు నిండే వేళలు, వాల్వు తిప్పే వేళలు అన్నీ గీసుకున్నాను. గీసినవన్నీ సంకలో పెట్టుకొని ముందు గడ్డ మీదికే వెళ్ళాను.

అక్కడ చివరి నుంచి రెండో ఇంట్లో ఒకామె బీడీలు చుడుతుంది. నన్ను చూసి లేవకుండానే చాటను ఒళ్ళోంచి కాస్త పక్కకు జరిపి, గోడకున్న నల్లా చూపించింది.

"గిది సూడుండ్రి మేడం. నల్లాల సాలీడు గూడు పెట్టుకున్నది. దానికి గూడ తెలిసింది, గిండ్లకెళ్ళి నీళ్ళు రావని."

నిజమే. నల్లా మూతికి తెల్లగా, నిమ్మళంగా గూడు అల్లుకొని ఉంది. బీడీ ఆకు నానితే గానీ చుట్టరాదు, ఆకు నానాలంటే నీళ్ళు కావాలి. ట్యాంకరు కోసం పగలంతా రోడ్డు వైపే చూపు. అంతకు ముందు వారం ట్యాంకరు దగ్గర బిందె వరుసలో తోటికోడలితో కొట్లాట కూడా అయిందట. ఆ తోటికోడలిది ఈమె ఇంటికి ఎగువన ఉన్న ఇల్లు, గడ్డకు అదే ఆఖరిది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకప్పుడు ఒకే చూరు కింద పదేళ్ళు వండుకున్నవాళ్ళు ఒక బిందె దగ్గర విడిపోయారు.

నా నోరు ఊరుకోదు కదా. "ఈ ఎండాకాలం పోకముందే నీ నల్లాకు నీళ్ళెక్కిస్త అక్కా," అన్నాను.

ఆమె నవ్వింది. "నీ లెక్కనే చెప్పిపోయినోళ్ళు మస్తుమంది బిడ్డా."

మేడం కాస్తా బిడ్డ అయింది. ఆ నవ్వులో వెటకారం కన్నా జాలి ఎక్కువ ఉంది. నాకు కోపం వచ్చింది. కోపంలోనే స్కూటీ దిగువకు తోలాను.

మా దగ్గర వాల్వులు తిప్పే ఆయన నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. నేను కాకా అంటాను. ఊళ్ళో ఏ గొట్టం ఎక్కడ వంకర తిరిగిందో ఆయనకు తెలుసు, మా ఆఫీసు నక్షాకు తెలియదు. ఆ లైనులో మాయ ఏమిటని అడిగితే కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఒక్కటి మాత్రం ఇచ్చంత్రం మేడం. సాంచాల వాడల కరెంటు పోయిన నాడు గడ్డ మీదికి నీళ్ళు ఎక్కుతయి. శివరాత్రి ముందర లైను రిపేరని కరెంటు తీసిండ్రు సూడు, గానాడు ఆఖరి ఇంటిదాక ఎక్కినయి. మల్ల కరెంటు అచ్చింది, నీళ్ళు పోయినయి."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇంకేముంది, దొంగ దొరికాడు! నల్లాకు మోటరు బిగించి నీళ్ళు గుంజుకోవడం మా ఉద్యోగంలో ఎక్కడైనా చూసేదే. కరెంటు పోతే మోటర్లు ఆగుతాయి, మోటర్లు ఆగితే నీళ్ళు ఎత్తుకు ఎక్కుతాయి. ఇంత తేలిక లెక్క ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదా అని నా తెలివికి నేనే మురిసిపోయాను.

మరునాడు పొద్దున్నే ముగ్గురు సిబ్బందిని వెంటేసుకొని సాంచాల వాడ మీద పడ్డాను. ఇల్లిల్లూ చూశాం. మంచాల కింద, గాబుల వెనక, స్నానాల గదుల్లో వెతికాం. సాంచాలు ఆడుతుంటే మనిషి మాట మనిషికి వినపడదు, అందుకని చేతులు తిప్పుతూ "మోటరు, మోటరు" అని సైగలు చేశాం. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు మొత్తం వాడలో దొరికినవి రెండు మోటర్లు. ఒకటి కాలిపోయి ఉంది. రెండోది ఇంకా డబ్బాలోంచి తీయలేదు.

అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు, దొంగతనం కాకపోతే నిర్లక్ష్యం అనుకున్నాను. దానికి సాక్ష్యం నా కళ్ళ ముందే ఉంది మరి. ఆ వాడలో సగం నల్లాలకు తిప్పే పిడి లేదు, ఉత్త పైపులే. నీళ్ళు విడిచిన రోజు వెళ్ళి చూస్తే బకెట్లు పొంగి మోరీలో నీళ్ళు పారుతున్నాయి. మోరీలో నీళ్ళతో పాటు చెక్క కండెలు కూడా కొట్టుకుపోతున్నాయి. కండె అంటే సాంచాలో పెట్టడానికి నూలు చుట్టే సన్నటి కడ్డీ, ఒక కొస లావు, ఒక కొస సన్నం. సరుకు మీద కూడా శ్రద్ధ లేని మనుషులు అనుకున్నాను.

అదే రాశాను. "ఈ వాడలో నల్లాలు మూసే అలవాటు లేదు. వీరికి నాలుగు రోజులకొకసారి ఇచ్చి, మిగిలిన నీటిని వాల్వు ద్వారా గడ్డకు మళ్ళించవచ్చు." కమిషనర్ సారు చదివి సరేనన్నారు. సోమవారం నుంచి అమలు. నోటీసు తయారైంది. ఒక కాపీ నా సంచిలో పెట్టుకొని బుధవారం నాడు వాడకు బయల్దేరాను. గోడకు అంటించే ముందు ఒక మాట చెబితే మర్యాద అనుకున్నాను. ఎంత మర్యాదస్తురాలినో!

వాడ మొదట్లోనే ఒక అవ్వ ఇల్లు. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. ముందు గదిలో కొడుకు నాలుగు సాంచాలు ఆడిస్తాడు, వాటి పక్కనే ఈమె రాట్నం దగ్గర కూచొని కండెలు చుడుతుంది. వాడంతా ఆమెకు భయపడుతుందని కాకా ముందే చెప్పాడు. నేను నోటీసు చూపించి, గొంతు చించుకొని సంగతి చెప్పాను. ఆమెకు ఎంత వినపడిందో గానీ, "నాలుగు దినాలు" అని నేను వేళ్ళు చూపించడం మాత్రం అర్థమైంది. రాట్నం ఆపింది. నా చేయి పట్టుకొని లోపలికి లాక్కెళ్ళి సాంచాల మధ్య నిలబెట్టింది. నా చెవిలో నోరు పెట్టి అరిచింది.

"ఈడ నిలవడు. నల్లా ఆ కిటికి కాడ ఉన్నది. నీళ్ళు అచ్చినంక చెప్పు."

నిలబడ్డాను. అది నీళ్ళిచ్చే రోజే. నా వీపు కిటికీ వైపు ఉంది. నాలుగు సాంచాలు ఒక్కసారిగా కొడుతుంటే నేల అదురుతోంది, నా పళ్ళు అదురుతున్నాయి. ఆమె నా ఎదురుగా చేతులు కట్టుకొని కదలకుండా చూస్తోంది. పరీక్ష పెట్టిన పంతులమ్మకూ ఆమెకూ తేడా లేదు. ఎంతసేపు గడిచిందో తెలియదు. కాళ్ళకు చల్లగా తగిలింది. కిందికి చూశాను. నా చెప్పులు తడిసిపోయాయి. వెనక్కి తిరిగితే బకెట్టు నిండి, పొంగి, నీళ్ళు గచ్చు మీద పారి నా కాళ్ళ దాకా వచ్చాయి. బకెట్టు అడుగున ఒక కండె ఉంది.

నీళ్ళ ఇంజనీరును. నా వెనక పది అడుగుల దూరంలో నీళ్ళు పొంగుతుంటే నాకు తెలియలేదు.

అవ్వ నన్ను వెనక దొడ్లోకి తీసుకుపోయింది. అక్కడ చప్పుడు కాస్త తక్కువ. ఆ కండె నా చేతిలో పెట్టింది.

"ఇది మా అత్త నేర్పిన ఇకమతు బిడ్డా. నీళ్ళు ఎప్పుడు ఇడుస్తరో మీకే తెల్వదు, ఇగ మాకేం తెలుస్తది? అందుకే పైపుల కండె వదులుగ కుక్కుతం. కింద స్టీలు బకెట్ పెడ్తం. నీళ్ళు తన్నంగనే కండె ఊసిపోయి బకెట్ల టంగుమని పడ్తది. గప్పుడు ఉరికి పట్టుకుంటం, నిండినంక గదే కండెతోని గట్టిగ బిగిస్తం. ఇంట్ల చేతిమగ్గం ఉన్న కాలంల ఆ సప్పుడు మూడిండ్ల అవుతలికి ఇనపడేది. ఇప్పుడు సాంచాలాయె. బాంబు పడ్డా ఇనపడది."

"మరి అలవాటు మార్చుకోవద్దా అవ్వా?"

"మార్సుకునుడంటె ఎట్ల? బకెట్ కాడ కూసుంటె కండెలు ఎవలు సుట్టాలె? నువ్వు సుడ్తవా?"

అప్పుడు వెలిగింది నాకు. కరెంటు పోయిన రోజు ఆగింది మోటర్లు కాదు, సాంచాలు. సాంచాలు ఆగితే కండె పడ్డ చప్పుడు వినిపించింది. వినపడ్డవాళ్ళు పట్టుకున్నారు, నిండగానే బిగించారు. పల్లంలో నల్లాలన్నీ మూసుకుంటే నీళ్ళకు ఇక దారి ఎత్తుకే. కాకా చెప్పింది అక్షరాలా నిజం. దాన్ని నేను దొంగతనం అని చదివాను, నిర్లక్ష్యం అని రాశాను. ఆ వాడ వాళ్ళ మంచాల కింద దూరి వెతికాను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. "తప్పయింది అవ్వా," అన్నాను. "అయితే అయింది, చెప్పులిడిచి ఎండల పెట్టు," అంది.

మరునాడు ఆఫీసుకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నీళ్ళు ట్యాంకు నిండగానే విడవడం కాదు, నింపి ఆపుదాం, పొద్దున సాంచాల షిఫ్టు మారే వేళకు విడుద్దాం అన్నాను. షిఫ్టు మారేటప్పుడు ఎట్లాగూ సాంచా ఆపి దుమ్ము తుడిచి నూనె పోస్తారు. ఆ నిశ్శబ్దంలో నీళ్ళు వస్తే చాలు. సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నోటీసు ఇయ్యమన్నది నువ్వే, వద్దనేది నువ్వే. సరే. నీళ్ళిచ్చే దినాలు శుక్రవారం, ఆదివారం. ఆదివారం లోపల గడ్డ మీద నల్లా నీళ్ళు చూపెట్టు. లేకుంటే సోమవారం నోటీసు గోడకెక్కుతది. గడ్డ మీదోళ్ళను ఇంకెన్ని దినాలు ఎండపెడదాం?"

ఆయన మాటలో తప్పు లేదు. నేను ఓడితే నా రాతే ఆ వాడకు శిక్ష అవుతుంది. నాలుగు రోజులకొకసారి నీళ్ళంటే, ఆ ఎండల్లో, రేకుల కప్పుల కింద. గెలిస్తే ఇటు వాడ నీళ్ళు వాడకుంటాయి, అటు గడ్డకూ ఎక్కుతాయి. మధ్యలో మిగిలింది మూడు రోజులు.

గురువారం సాయంత్రం మైకు కట్టిన ఆటో పంపాను. "రేపు పొద్దున ఏడు గంటలకు నీళ్ళు, నిండగానే నల్లాలు మూయగలరు" అని. సాంచాల వాడలో మైకు! చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే. ఊదిన నాకు ఆ మాత్రం తోచలేదు.

శుక్రవారం ఏడింటికి కాకా వాల్వు తిప్పాడు. అప్పుడు తెలిసింది ఇంకో సంగతి. ఒక్కో కార్ఖానాలో ఒక్కో వేళకు షిఫ్టు మారుతుంది. ఒకరు ఆరున్నరకే మార్చేశారు, ఒకరు ఎనిమిదింటికి గానీ మార్చరు. ఒక ఇంట్లో సాంచాలు ఆగాయి గానీ పక్కింటి సాంచాల మోతలో ఆగినా ఒకటే, ఆగకున్నా ఒకటే. కండెలు పడ్డాయి, బకెట్లు పొంగాయి, మోరీ పారింది. గడ్డ మీదికి ఫోను చేశాను.

"గాలి అచ్చింది మేడం," అంది బీడీల ఆమె. "సాలీడు గూడు ఊగింది. నీళ్ళు రాలె."

ఆ సాయంత్రం అవ్వ ఇంటి అరుగు మీద కూలబడ్డాను. ఇంకేం చేయాలో తెలియదు. ఏడుపు వచ్చేట్టు ఉంది, వయసుకు బాగుండదని ఆపుకున్నాను.

"గిట్ల మొకం ఏలాడేసుకుంటె నీళ్ళెక్కుతయా? లే," అంది అవ్వ. కొంగు నడుముకు దోపుకొని ముందు నడిచింది. వెనక నేను.

కార్ఖానా కార్ఖానాకు పోయాం. సాంచాలు సొంతంగా ఉన్నవాళ్ళను అక్కడ ఆసాములంటారు. ఆసాములను బయటికి పిలిచి అవ్వ చెప్పేది ఒకటే. ఆదివారం అందరూ ఏడింటికే షిఫ్టు మార్చాలి, ఏడున్నర దాకా ఒక్క సాంచా కూడా ఆడొద్దు. ఎవరూ కాదనరు, అట్లని అవుననరు. "పక్కోళ్ళు బందు పెడ్తె మేం పెడ్తం" అని ప్రతివాడూ అన్నాడు. అందరూ పక్కోళ్ళే అయితే మొదలుపెట్టేది ఎవరు? చివరికి వాడ నడిమిట్ల ఉన్న పెద్ద కార్ఖానా ముందు పదిమంది దాకా జమయ్యారు. అర్ధగంట బందంటే ఎంత బట్ట ఆగుతుందో ఒకాయన లెక్క తీయబోయాడు.

అవ్వ ఆయన్ను లెక్క పూర్తి చేయనివ్వలేదు. ఆ వాడలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు పోయినా, వాళ్ళు ఆసామి అయినా కూలి అయినా, పీనుగ లేచేదాకా వాడంతా సాంచాలు ఆపుతారు. ఎవరూ చెప్పాల్సిన పని లేదు, పక్కోళ్ళు ఆపారా అని చూసేది లేదు.

"నేను సచ్చిన్నాడు సాంచాలు బందు పెడ్తరా, పెట్టరా?" అని అడిగింది అవ్వ.

"గదేం మాట పెద్దమ్మా," అన్నాడు లెక్క తీయబోయినాయన.

"చెప్పు. పెడ్తరా, పెట్టరా?"

"పెడ్తం."

"పీనుగకు పూటంత బందు పెడ్తరు. బతికున్నోళ్ళకు అర్ధగంట పెట్టరా? సచ్చినంక నాకు మీ నిమ్మళమెందుకురా? ఆదివారం పెట్టుండ్రి. నేను పోయిన్నాడు ఆడించుకోండ్రి, నేనేం లేసొచ్చి అడుగ."

ఆ పెద్ద కార్ఖానా ఆయన తల వంచుకొని, "ఏడింటికి నాయి బందైతయి పెద్దమ్మా," అన్నాడు. ఆయన తర్వాత ఒక్కొక్కరే తలూపారు. నాకైతే ఆమె కాళ్ళకు మొక్కాలనిపించింది. మొక్కితే తిడుతుందని మానుకున్నాను.

ఆదివారం ఆరున్నరకే వాడలో ఉన్నాను. కాకా గడ్డ మొదట్లో, పైపుకు ప్రెషర్ చూసే మీటరు దగ్గర ఉన్నాడు. ట్యాంకు దగ్గర మరో మనిషిని పెట్టాం. ఏడు కావస్తుంటే నిమిషానికోసారి గడియారం చూసుకున్నాను. ముందు పెద్ద కార్ఖానా ఆగింది. తర్వాత దాని ఎదురుది. అట్లా ఒకదాని వెనక ఒకటి, ఇటు చివరా అటు చివరా, సాంచాలు ఆగుతూ వచ్చాయి. ఆఖరి సాంచా రెండు దెబ్బలు కొట్టి ఊరుకుంది.

ఆ వాడ గొంతు నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. ఎవరో దగ్గుతున్నారు. ఎక్కడో కుక్కరు కూత వేసింది. ఒక ఇంట్లో రేడియో మాట్లాడుతోంది, దాన్ని ఎప్పుడు పెట్టి మరిచారో ఏమో. మనుషులు గడపల్లో నిలబడి ఒకరినొకరు చూసుకుంటున్నారు. అలవాటుకొద్దీ ఒకాయన గట్టిగా అరిచి మాట్లాడి, తన గొంతుకు తానే జడుసుకున్నాడు. అందరూ నవ్వారు.

అప్పుడు వినపడింది. పైపులో గుడగుడ. ఆ తర్వాత, అవ్వ ఇంట్లోంచి, టంగ్.

పక్కింట్లో టంగ్. ఎదురింట్లో టంగ్. వాడ పొడుగునా కండెలు బకెట్లలో రాలుతున్నాయి. "అచ్చినయ్, అచ్చినయ్" అని లోపలికి ఉరికారు. బిందెలు నిండాయి, గాబులు నిండాయి. నిండినవాళ్ళు నిండినట్టు కండె తీసి పైపులో కుక్కి, అరచేత్తో రెండు దెబ్బలు వేసి బిగించారు. పిడి ఉన్నవాళ్ళు తిప్పారు. నేను మోరీ వెంట ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. మోరీ ఎండి ఉంది. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

ఫోను మోగింది. అవతల కాకా. "మీటరు ముల్లు లేస్తున్నది మేడం. నీళ్ళు ఎక్కుతున్నయి. జల్ది రా!"

స్కూటీ తీశాను. అవ్వ వచ్చి వెనక కూచుంది. "నన్ను గూడ తోలుకపో. ఆ నీళ్ళు నా కండ్లతోని సూస్త." డెబ్బై ఏళ్ళ మనిషి, ఎప్పుడైనా స్కూటీ ఎక్కిందో లేదో, నా నడుం గట్టిగా పట్టుకుంది. ఎత్తు ఎక్కుతుంటే బండి మూలిగింది. మేం మూలగలేదు.

బీడీల ఆమె ఇంటి ముందు ఇరుగుపొరుగు గుమిగూడి ఉన్నారు. నల్లా బుసబుసమంటోంది. సాలీడు గూడు ఊగింది, తెగింది. రెండు చుక్కలు ఎర్రగా తుప్పు నీళ్ళు కక్కింది. దగ్గింది. ఆగింది. ఒక్కసారిగా నీళ్ళు తన్నుకొచ్చాయి, ముందు ఎర్రగా, తర్వాత పసుపుగా, తర్వాత తెల్లగా. ఆమె బిందె పెట్టడం మరిచిపోయి చేతులు పెట్టింది. మొహం కడుక్కుంది. అప్పుడే నానబెట్టే ఆకు తొట్టి ఈడ్చుకొచ్చింది.

బిందెలు నిండాయి, తొట్టి నిండింది. నల్లా మూయబోతే పిడి తిరగలేదు. రెండు నెలలు నీళ్ళు లేక తుప్పు పట్టిపోయింది. గట్టిగా తిప్పితే పిడి ఊడి చేతికొచ్చింది. నీళ్ళు గచ్చు మీద పారుతున్నాయి. ఆమె అరచేయి అడ్డం పెట్టింది, వేళ్ళ సందుల్లోంచి చిమ్మాయి.

"పోనీయి, ఇన్నొద్దులకు అచ్చినయి, పారనీయి," అన్నారెవరో.

"పారనిస్తె ఎట్ల? పైన ఇంకో ఇల్లున్నది గదా," అంది అవ్వ. రొండిన దోపుకున్న కండె తీసింది. ఆమె ఇంటి దగ్గరి నుంచే తెచ్చుకుంది. పైపులో పెట్టి చూసింది, కొంచెం వదులు. "పేలిక ఉన్నదా? లేకుంటె కాగితమన్న ఇయ్యుండ్రి."

సంచిలో చేయి పెట్టాను. చేతికి తగిలింది నోటీసే. మరునాడు ఆ వాడ గోడకెక్కాల్సిన కాగితం. నాలుగు మడతలు వేసి ఇచ్చాను. అవ్వ దాన్ని తడిపి కండెకు చుట్టి పైపులో కుక్కి, మడమలాంటి అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. నీళ్ళు ఆగాయి.

బీడీల ఆమె అవ్వను కింది నుంచి పైదాకా చూసింది. "మీరు కింది వాడోళ్ళా?"

"అవు బిడ్డా."

"మా నీళ్ళు మీరే తాగుతున్నరని మస్తు తిట్టుకున్నం."

"మాకు ఇనపడలేదు తియ్యి," అంది అవ్వ. "సాంచాల సప్పుడాయె."

ముందు బీడీల ఆమె నవ్వింది, తర్వాత అందరం నవ్వాం. ఆ నవ్వుల్లో ఉండగానే పైనుంచి ఏదో బుసమన్న చప్పుడు. తలలెత్తి చూశాం. ఆఖరి ఇంటి గోడ మీదుగా తోటికోడలు తల కనిపించింది. జుట్టు తడిసి నీళ్ళు కారుతున్నాయి. వారం పైగా మాటల్లేని మనిషి, గడ్డంతా వినపడేట్టు ఒకే ఒక్క కేక వేసింది.

"అక్కా! మనకు నీళ్ళచ్చినయే అక్కా!"

బీడీల ఆమె చెప్పులు కూడా తొడుక్కోకుండా పైకి ఉరికింది. నేను గోడవారగా కూచొని తనివితీరా ఏడ్చాను. అవ్వ నన్ను ఓదార్చలేదు. వంగి కండె బిగి ఇంకోసారి చూసుకుంది.